జారిన అతుకు

టైలరు గారి వీపు ఒక్కరోజులో వంగలేదు. ఏళ్ల తరబడి కుట్టు మిషను మీదికి వంగీ వంగీ, చివరికి వీధిలో నడిచేటప్పుడు కూడా పారేసుకున్న గుండీ వెతుక్కుంటున్న మనిషిలా తయారయ్యాడు. భుజాలు ముందుకొచ్చాయి, మెడ లోపలికి పోయింది. ఎడమచెయ్యి తిమ్మిరెక్కి కత్తెర కిందపడిన రోజున భార్య అతన్ని ఫిజియోథెరపిస్టు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన వీపంతా తడిమి చూసి మెత్తగానే చెప్పాడు. రోజూ చేతులు పైకెత్తి ఒళ్లు సాగదీయాలి, కడ్డీ పట్టుకుని వేలాడాలి. లేకపోతే ఇంకో ఏడాదికి మిషను మానుకోవాల్సి వస్తుంది.

టైలరు ఆ మాటను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు. భార్యకు మాత్రం కాళ్లు చేతులు ఆడలేదు. ఇంటి ముందుగది అతని కుట్టు దుకాణం, వెనక రేకుల షెడ్డు ఆమె వెల్డింగు షాపు. గేట్లూ, కిటికీ చట్రాలూ, మెట్లకూ పిట్టగోడలకూ కడ్డీలూ చేస్తుంది. తండ్రి దగ్గర నేర్చిన పని. వీధి వీధంతా ఆమెను వెల్డరమ్మ అనే పిలుస్తుంది. కాపురానికొచ్చిన నాటినుంచీ, వెనక ఆమె గ్రైండరు ఆగినప్పుడల్లా ముందుగదిలోంచి మిషను చప్పుడు వినబడుతూనే ఉంది. ఆ చప్పుడే లేకపోతే ఈ ఇంట్లో ఎలా మసలాలో ఆమెకు తెలియదు.

భయపడి చేతులు ముడుచుకు కూర్చునే మనిషి వెల్డరమ్మ ఎందుకవుతుంది? మర్నాడే రెండు లావుపాటి పైపులు నిలబెట్టి, పైన అడ్డకడ్డీ అతికి, కింద నాలుగు వైపులా కాళ్లు చాపి, ఏనుగు వేలాడినా చెక్కుచెదరని చట్రం ఒకటి పెరట్లో పెట్టింది. ముందు తాను వేలాడి చూసింది. ఏనుగు దొరకలేదు గనక పక్కవీధిలో ఉండే ఆడపడుచును పిలిచి ఆవిడనూ వేలాడదీసింది. చట్రం కిక్కురుమనలేదు. తరువాత మొగుణ్ణి తెచ్చి నిలబెట్టింది.

అతను గొణుక్కుంటూనే వేలాడాడు. పని జరిగేదేమో కూడా. కానీ పెరటి గోడ పొట్టిది. చొక్కా ఎంతవరకొచ్చిందో కనుక్కుందామని అటుగా వచ్చిన పాతబేరం ఒకాయన తొంగిచూసి, "ఏంటి టైలరు గారూ, ఇవాళ మిమ్మల్నే ఆరేశారా?" అన్నాడు. అంతే. టైలరు దిగిపోయాడు, మళ్లీ ఎక్కలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కడ్డీ గరుగ్గా ఉందన్నాడు, చేతులు కాయలు కాస్తే పట్టుబట్ట దారాలు లేచిపోతాయన్నాడు. వారం తిరిగేసరికి ఆ కడ్డీ మీద నిజంగానే దుప్పట్లు ఆరుతున్నాయి.

వెల్డరమ్మ ఊరుకోలేదు. పాత పళ్లచక్రాలు బరువుగా కట్టి, కప్పీ మీదుగా తాడు లాగే యంత్రం చేసింది. ఆ కప్పీతో అతను బట్టల మూటలు అటక ఎక్కించుకున్నాడు. వీపు వెనక్కి వాలేలా వంపు తిరిగిన బల్ల చేసిపెడితే, దాని మీద మధ్యాహ్నం హాయిగా గుర్రుపెట్టాడు. ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరినకొద్దీ అతను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఒకరోజు మరీ విసుగొచ్చి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నాడు.

ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండింది. షెడ్డులోకి పోయి, ఏ పనీ లేకపోయినా ఒక పైపుముక్కను గ్రైండరుతో మెరిసేదాకా అరగదీసింది. కోపం తగ్గాక గానీ ఏడుపొచ్చిందని తెలియలేదు.

కళ్లు తుడుచుకుని మంచినీళ్లకని లోపలికొచ్చి, నడవలో చెంబుతో నిలబడి ముందుగదిలోకి చూసింది. టైలరు కుట్టిన చొక్కా ఒకటి గోడ పైపుకు తగిలించాడు. కూర్చున్నాడు, లేచాడు, ఎవరిదో లంగా తీసిచ్చాడు, ఇంకో చొక్కా తగిలించాడు. గోడకు బిగించిన రెండు ఇనుప చేతులకు అడ్డంగా అతికిన పైపు అది. ఆమె చేసిందే. సరిగ్గా అతని ఛాతీ ఎత్తులో, ఒళ్లు వంగనక్కర్లేకుండా, చెయ్యి లేవనక్కర్లేకుండా, అతని సుఖం చూసి ఆమే పెట్టింది. వెల్డరమ్మ చెంబు పక్కన పెట్టేసింది.

దుకాణానికి సెలవు రోజున అతను దారాలూ గుండీలూ కొనడానికి బజారుకెళ్లాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, ఆమె బట్టలన్నీ లోపలి గదిలోకి చేరవేసి, నిప్పురవ్వలు పడకుండా మిషను మీద తడిదుప్పటి కప్పి, పైపును ఇనుప చేతులతో సహా కోసి దించింది. ఇంకా పొడుగు చేతులు అతికి, అతను మునివేళ్ల మీద లేచి రెండు చేతులూ చాస్తే గానీ అందనంత ఎత్తున పెట్టింది. వాలు లేకుండా రసమట్టం ఆనించి చూసుకుంది. పనిలో పనిగా ఇంట్లో ఉన్న ఇనుప ముక్కాలిపీటలన్నిటికీ కాళ్లు కోసి, మరమ్మతు పేరిట షెడ్డులో పడేసింది. ఎత్తున ఉన్న బట్టలు అందుకునే కొక్కెం కర్రను ముందుచూపుతో ఆడపడుచు ఇంటికి పంపేసింది.

వచ్చి చూసి అతను నోరు తెరిచేలోపే, పొడుగు గౌన్ల అంచులు నేలకు తగిలి మాసిపోతున్నాయని అతనే ఎన్నిసార్లు సణిగాడో గుర్తుచేసింది. తన మాట ఇన్నాళ్లకు ఆవిడ చెవికెక్కిందని టైలరు లోలోపల మురిసిపోయాడు. ఆ మురిపెం మర్నాడు పొద్దున మొదటి చొక్కా తగిలించేదాకే ఉంది. పీట కోసం ఇల్లంతా వెతికాడు. చివరికి మూలుగుతూ మునివేళ్ల మీద లేచాడు.

ఆ తరువాత వెల్డరమ్మకు ఎదురుచూడటమే పనైంది. బడులు తెరిచే రోజులు కావడంతో పిల్లల యూనిఫారాలు గుట్టలుగా వచ్చాయి. అతను పొద్దస్తమానం పైకి లేస్తూనే ఉన్నాడు, చేతులు చాస్తూనే ఉన్నాడు, తిడుతూనే ఉన్నాడు. చేతి తిమ్మిరి కొంచెం తగ్గినట్టు అనిపించినా, అది తలగడ మార్చినందువల్లేనని తేల్చేశాడు. ఆమె దొంగచాటుగా అతని వీపు చూసేది. ఏ తేడా తెలిసేది కాదు. రోజూ చూసే కళ్లకు పెరిగే పిల్లలే కనబడరు, ఇక వీపెక్కడ కనబడుతుంది? ఇదీ వృథాయేనేమో, వచ్చే ఏడు ముందుగది మూగబోతుందేమో అని బెంగపడసాగింది.

అలాంటి ఒక రోజున టైలరు షెడ్డు గుమ్మంలోకొచ్చి, "నీ పైపు జారిపోయింది" అన్నాడు.

ఆమె వెల్డింగు ఆపి, ముఖానికున్న ముసుగు పైకెత్తింది. తాను చేసిన గేటు ఊగుతోందన్న పాపానికి, ఒక పెద్దమనిషి ఇంటి గోడదే తప్పని పదిమందిలో నిరూపించి వచ్చిన మనిషి ఆమె. "అతుకన్నాక ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది. జారడం దానికి తెలీదు" అంది.

"తెలీకపోతే నేర్చుకుందేమో. మొదట్లో మునివేళ్ల మీద లేస్తే గానీ అందేది కాదు. ఇప్పుడు ఉన్నచోటే నిలబడి తగిలిస్తున్నాను. యూనిఫారాల బరువుకి దిగిపోయింది."

ఆమె టేపూ రసమట్టమూ పట్టుకుని విసవిసా ముందుగదిలోకొచ్చింది. నేలనుంచి రెండు కొసల దగ్గరా కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. రసమట్టంలో బుడగ నట్టనడుమ నిలిచింది. ఇక చూడు నా తడాఖా అన్నట్టు వెనక్కి తిరిగింది.

టైలరు తన వాదన రుజువు చేయడానికి నిక్కరొకటి పైపుకు తగిలిస్తున్నాడు. మడమలు నేలకు ఆని ఉన్నాయి. చెయ్యి నిటారుగా లేచింది, భుజం వెనక్కి వెళ్లింది. పని ముగించి, చూశావా అన్నట్టు ఆమెకేసి తిరిగాడు. ఇన్నాళ్లూ కనుబొమల కిందినుంచి పైకి చూసే మనిషి, ఇప్పుడు తల ఎత్తనక్కర్లేకుండా సరాసరి ఆమె కళ్లలోకి చూస్తున్నాడు.

ఆమె చేతిలోని టేపు సర్రుమని చుట్టుకుపోయింది. పైపు కిందికి రాలేదు, ఈయన పైకి వచ్చాడు. పట్టలేనంత సంతోషంతో ఆ మాట ఆమె నోటిదాకా వచ్చింది. నిజం చెప్పిందో, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే ఈ మహానుభావుడు పంతానికి రేపే బజారునుంచి పీట కొనుక్కొస్తాడు. చెప్పకపోతేనేమో అతుకు పరువు పోతుంది.

"అవునండీ, జారింది" అంది వెల్డరమ్మ. "బరువుకే. రేపు ఇంకో జానెడు పైకి పెడతాను."

పెద్ద తగువుకు సిద్ధపడి వచ్చిన టైలరు తెల్లబోయాడు. అంతలోనే జాలిపడ్డాడు. "పోనీలే, ఎంతటివాళ్లకైనా ఒకోసారి తప్పదు. నేనెవరికీ చెప్పన్లే" అని మిషను ముందు కూర్చున్నాడు.

సాయంత్రానికల్లా వీధిలో తెలియని వాళ్లు లేరు. ఆడపడుచు పరామర్శకు పరుగున వచ్చింది. గేటు పెద్దమనిషి కావాలనే దుకాణం ముందు ఆగి, వెల్డరమ్మ అతుకు జారిందట, నిజమేనా అని అడిగాడు. అడిగిన ప్రతివాళ్లకూ ఆమె జారిందనే చెప్పింది. తాను చేసిన ఏ అతుకు గురించీ ఆమె అంత గర్వంగా ఎన్నడూ చెప్పుకోలేదు.