బాల్దోకి తెలిసిన చోటు

స్పెయిన్ దక్షిణపు కొసన, సముద్రం ఒడ్డునున్న మా కాదిస్‌లో ఏ ఇంటి తలుపైనా తట్టండి, అన్నీ తెలిసిన బావగారు ఒకడు ఉండే ఉంటాడు. మీ కారు పెట్రోలు ఎందుకంత తాగుతోందో ఆయనకి తెలుసు. మీ మోకాలికి డాక్టరు తప్పుడు మందు రాశాడనీ తెలుసు. అవన్నీ ఒక ఎత్తు, ఎక్కడ తినాలి, ఎక్కడ తాగాలి అన్నది ఒక ఎత్తు. అది లోకంలో ఆయనకొక్కడికే తెలుసు. కళ్లద్దాల దుకాణం ఫెర్మిన్‌కి ఖర్మ కొద్దీ దొరికిన బావగారి పేరు బాల్దొమేరో. భార్య ఎన్‌కార్నాకి స్వయానా అన్న. ఊరంతా బాల్దో అంటుంది.

ఓపిక ఉన్నన్నాళ్లూ బాల్దో బార్లకి బీరు పీపాలు వేసే లారీ నడిపాడు. ఎవడు వైన్‌లో నీళ్లు కలుపుతాడో, ఎవడి మూకుట్లో నూనె ఎప్పట్నించి కాగుతోందో అన్నీ కళ్లారా చూసినవాడు. అందుకని ఫెర్మిన్ ఎక్కడ కూర్చుని నోట్లో ముద్ద పెట్టుకోబోయినా పక్కన ఆ గొంతు మోగేది.

"ఇక్కడా? ఇక్కడ తింటావా బావా? ఎవరైనా చూస్తే పరువు పోదూ! లే, లే. నాకొక చోటు తెలుసు."

సాక్షాత్తూ ఫెర్మిన్ పెళ్లి విందులోనే పెళ్లికొడుకు చెవి దగ్గరకి వంగి, "రొయ్యలు ఐసువి బావా, నాకొక చోటు తెలుసు" అన్న మహానుభావుడాయన. ఆ రోజు నుంచీ ఫెర్మిన్‌కి జీవితంలో ఒకే ఒక్క కోరిక. ఈ బాల్దో ఏదో ఒకనాడు అడ్డంగా దొరికిపోవాలి, నలుగురిలో వాడి మొహం మాడిపోవాలి, తను కాళ్లు బార్లా చాపుకుని ఆ ముచ్చట చూడాలి.

రెండేళ్ల కిందట బాల్దో భార్య లూయిసా పోయింది. అప్పట్నించీ ఎన్‌కార్నా ప్రతి వారం ఫోన్ చేస్తూనే ఉంది. "అన్నయ్యా, ఆదివారం భోజనానికి రా. ఒక్కడివీ ఏం తింటావు?"

"మీ ఇంట్లోనా? ఆ ఉప్పు లేని పప్పు ఎవరికి కావాలే! నా చోట్లు నాకున్నాయి. నేను రాకపోతే వాళ్లే బెంగ పెట్టుకుంటారు."

అలాంటివాణ్ణి ఒక ఆదివారం వియ్యాలవారితో భోజనానికి పిలవాల్సి వచ్చింది, మేనమామ కాబట్టి. కూతురు పలోమాకి బుర్గోస్ కుర్రాడితో పెళ్లి కుదిరింది. పెళ్లి సముద్రం ఒడ్డున, ఇక్కడే జరగాలని పిల్ల పట్టు. కాదు, బుర్గోస్‌లోనే అని వియ్యపురాలు దోన్యా విసీ పట్టు (దోన్యా, డాన్ అంటే మాకు గారు అన్నట్టు). బుర్గోస్ అంటే ఉత్తరాది చలి, పొయ్యిలో కాల్చిన గొర్రెపిల్ల, నెత్తురుతో చేసే నల్ల సాసేజి, వాటి గురించి తెగని కబుర్లు. ఆవిడ చివరికి ఒక మెట్టు దిగి, "సరే వదినగారూ, మీ ఊరొచ్చి ఒక పూట తింటాం. చుట్టాల్ని పిలిచి పరువు దక్కించుకునే తిండి దొరికితే పెళ్లి అక్కడే, లేకపోతే మాట్లాడొద్దు" అంది. పిల్లలిద్దరూ తెలివిగా తప్పుకున్నారు, పెద్దాళ్లు మీరే తేల్చుకోండని. ముందురోజు పలోమా తండ్రి మెడ చుట్టూ చేతులేసి, "నాన్నా, నీ చేతుల్లోనే ఉంది" అంది. ఆ మాటతో ఫెర్మిన్‌కి రాత్రి నిద్ర లేదు.

ఫెర్మిన్ ఊరికే కూర్చోలేదు. కలేతా బీచి దగ్గర మెర్సెదా అనే ఆవిడ హోటల్లో కిటికీ పక్క టేబుల్ కోసం బతిమాలాడు. కల్లుప్పులో కప్పి కాల్చిన పెద్ద చేప, దానికి ముందు చిట్టి రొయ్యల అట్లు, చల్లటి మంజనియా వైను, అన్నీ ముందే చెప్పించాడు. జన్మలో మొదటిసారి తిండి విషయంలో తన మాట తనే చెల్లించుకున్నాడు. గాల్లో తేలుతున్నట్టుంది.

స్టేషన్ దగ్గర వియ్యాలవారు దిగారు. దోన్యా విసీ జుట్టు అప్పుడే సెలూన్ నుంచి వచ్చినట్టు గోపురం కట్టి ఉంది. వియ్యంకుడు డాన్ యూతిమియో మాట్లాడే మనిషి కాదు. చేతిలో సంచీ, అందులో కానుకగా తెచ్చిన నల్ల సాసేజిలు. ముద్దులూ కౌగిలింతలూ అయ్యాయి.

"పదండి, టేబుల్ సిద్ధంగా ఉంటుంది" అన్నాడు ఫెర్మిన్ ఛాతీ విరిచి.

"ఏ టేబుల్? మెర్సెదా దగ్గరా?" బాల్దో నవ్వాడు. "చెల్లాయి చెప్పింది, పొద్దున్నే ఫోన్ చేసి వద్దని చెప్పేశాలే. ఆదివారం అక్కడికి మాద్రిద్ వాళ్లు దిగుతారు బావా. వియ్యాలవారికి అక్కడ పెడితే తలెత్తుకోగలమా? నాకొక చోటు తెలుసు."

ఫెర్మిన్‌కి కళ్లు బైర్లు కమ్మాయి. వియ్యాలవారి ముందు ఏమనగలడు? పళ్లు నూరుకుంటూ నవ్వాడు. మొహమాటం చేసినంత చెడుపు శత్రువైనా చెయ్యడు కదా.

నడక మొదలైంది. ఆ రోజే తూర్పుగాలి ఎత్తుకుంది. మా ఊళ్లో ఆ గాలి లేచిందంటే బుద్ధిమంతులు గడప దాటరు. రెండు సందులు తిరిగేసరికి దోన్యా విసీ గోపురం ఒక పక్కకి ఒరిగింది.

మొదట వచ్చిన బారు బాగానే ఉంది. వేపుడు చేపల వాసన వీధిలోకి కొడుతోంది. డాన్ యూతిమియో ఆగి ముక్కు ఎగబీల్చాడు. "వద్దండీ, వంటకాల పలక మీద పరాయి భాష రాశాడు చూడండి" అని బాల్దో ఆయన్ని రెక్క పట్టి లాక్కెళ్లాడు. తర్వాతిదాంట్లో పలక లేదు, జనం నిండుగా ఉన్నారు, కానీ నేల శుభ్రంగా ఉంది.

"చూశావా బావా, ఒక్క రొయ్య పొట్టు లేదు, ఒక్క కాగితం రుమాలు లేదు! తిన్నవాళ్లు నేలమీద పారేయని బారు ఒక బారేనా?"

"మా ఊళ్లో నేల తుడుస్తాం" అంది దోన్యా విసీ.

ఇంకోచోట యజమాని గుమ్మంలో నిలబడి, "రండి రండి, వేడివేడిగా ఉన్నాయి" అన్నాడు. అంతే, బాల్దో అందర్నీ అవతలి పేవ్‌మెంటు మీదకి తోలాడు. "పిలిచేవాడి దగ్గర తినకూడదు."

"పిలవనివాడి దగ్గర మేం తినం" అంది దోన్యా విసీ. గొంతులో బుర్గోస్ చలి తెలుస్తోంది.

ఎన్‌కార్నా మొగుడి పక్కకి చేరి గుసగుసలాడింది. "ఏదో ఒకటి చెయ్యండి. ఆవిడ మొహం చూశారా?"

"ఏం చెయ్యను? మీ అన్నని సముద్రంలో తొయ్యనా?"

"నోర్మూసుకోండి. వింటాడు."

"వింటాడా? వాడి చెవుల్లోకి మన మాట ఏనాడైనా దూరిందా?"

చివరికి చర్చి వెనక ఒక ఇరుకు సందులోకి తిప్పాడు బాల్దో. మొహం వెలిగిపోతోంది. "ఇదిగో. చానో దుకాణం. బోర్డుండదు. తెలిసినవాడు తప్ప రాలేడు. వాడు చేసే పీత కూర తింటే మీరు బుర్గోస్ వెళ్లరు."

బోర్డు లేని మాట నిజమే. తలుపు మూసి ఉంది, పక్కన గోడకి, టూరిస్టులకి అద్దెకిచ్చే గదులకుండే నంబర్లు నొక్కే తాళంచెవి పెట్టెలు వరసగా బిగించి ఉన్నాయి. చక్రాల పెట్టెలు లాక్కుంటూ ఇద్దరు టూరిస్టు అమ్మాయిలు బయటికొచ్చి, వీళ్లకి నవ్వుతూ ఏదో చెప్పి వెళ్లిపోయారు. బాల్దో తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"మొన్ననే... మొన్ననే ఉందే" అన్నాడు.

"ఏ మొన్న?" అన్నాడు ఫెర్మిన్. లోపల తియ్యగా ఉంది. కడుపు కాలుతున్నా తియ్యగానే ఉంది.

ఇంకో సందులో ఇంకో చోటు, అక్కడ ఫ్రిజ్ మీద అంటించుకునే బొమ్మల కొట్టు. మరో చోట చాపలు పరుచుకుని కొందరు కళ్లు మూసుకుని గాలి పీలుస్తున్నారు. బాల్దో అడుగు తడబడుతోంది, గొంతు మాత్రం తగ్గలేదు. "ఇంకొకటుంది, ఇంకొకటుంది" అంటూనే ఉన్నాడు. ఈలోగా నాలుగు దాటింది. నాలుగు దాటాక మా ఊళ్లో పొయ్యి ముందు నిలబడేవాడు ఉండడు. మెర్సెదా దగ్గరకి పరిగెత్తితే ఆవిడ అప్పటికే కుర్చీలు ఎత్తేస్తోంది. "మీరే వద్దన్నారుగా ఫెర్మిన్‌గారూ! చేప మాద్రిద్ వాళ్లు తినేశారు. చాలా మెచ్చుకున్నారు" అంది. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

డాన్ యూతిమియో సంచీలోకి చూశాడు. పాపం, ఆ పచ్చి సాసేజినే కొరికేలా ఉన్నాడు. దోన్యా విసీ జుట్టు పూర్తిగా కూలిపోయింది. "వదినగారూ, రైలు ఎన్నింటికి?" అనడిగింది ఎన్‌కార్నాని. ఫెర్మిన్‌కి కూతురి మొహం కళ్లముందు కదిలింది. తియ్యదనమంతా దిగిపోయింది.

అంతలో రేవు పక్క చౌకులోకి వచ్చారు. ఓడలు దిగిన టూరిస్టుల కోసం వెలిసిన హోటలొకటి అక్కడుంది. గోడ నిండా మనిషెత్తు తిండి ఫొటోలు, వాటికి నంబర్లు, పైన అన్ని దేశాల జెండాలు. పొద్దున్నుంచి రాత్రిదాకా వంటగది తెరిచే ఉంటుందని రాసి ఉంది. కాదిస్‌లో పుట్టినవాడు అటు కన్నెత్తి చూడడు.

"ఇదిగో, ఇక్కడ తింటున్నారుగా మనుషులు!" అంది దోన్యా విసీ.

బాల్దో అడ్డంగా నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా, ఇది మాత్రం వద్దు. ఎక్కడైనా సరే గానీ ఇక్కడొద్దు. మీ కాళ్లు పట్టుకుంటా. బావా, నువ్వైనా చెప్పు! మా ఇంటికెళ్దాం, గుడ్లట్టు వేస్తా."

"అయ్యా, అడ్డు లేవండి" అంది ఆవిడ, అని ఆయన్ని పక్కకి నెట్టి లోపలికి నడిచింది.

కౌంటరు వెనక నుంచి వడ్డించే అమ్మాయి తలెత్తింది. హోండురాస్ పిల్ల, నవ్వు మొహం. "అయ్యో డాన్ బాల్దో! ఇవాళ ఇంత ఆలస్యమేంటి? ఒంట్లో బాగోలేదేమో అనుకున్నా. మీ మూల ఎవరికీ ఇవ్వలేదు. ఎప్పట్లాగే నాలుగో నంబరేగా?" అంది. అప్పుడు వెనకున్న వాళ్లు కనిపించారు. "ఓహో, మీవాళ్లా? ఎంత సంతోషం! మీతో ఇంకొకరు రావడం ఇదే మొదటిసారి కదా!"

మూలలో గోడకానుకుని చిన్న టేబుల్. దానికి ఒకే కుర్చీ.

బాల్దో రుమాళ్ల డబ్బాలోంచి ఒక్కో కాగితం లాగి మడతపెడుతున్నాడు. ఎన్‌కార్నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇన్నేళ్లుగా ఎదురుచూసిన ముహూర్తం. వాడు దొరికాడు, అడ్డంగా దొరికాడు, అదీ నలుగురి ముందు. ఫెర్మిన్ నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. ఎంత బాగా కుదిరిందో ఆ మాట! నోరు తెరిచాడు.

"చూశారా విసీగారూ," అన్నాడు, "మా బావకి తెలియని చోటు ఈ ఊళ్లో లేదు. ఆదివారం, ఈ వేళప్పుడు, ఇంకెవరికైనా టేబుల్ అట్టేపెడతారా? అమ్మా, మాకు ఇంకో నాలుగు కుర్చీలు వెయ్యి."

బాల్దో తలెత్తి చూశాడు. మళ్లీ దించుకున్నాడు.

నాలుగో నంబరు, పసుపుపచ్చగా మెరిసే అన్నం వచ్చింది, ఐసు పెట్టెలోంచి లేచొచ్చిన క్రోకెట్లనే వేపుడు ఉండలు వచ్చాయి, తియ్యటి వైను కూజా వచ్చింది. దోన్యా విసీ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది, ఆగింది, ఇంకో చెంచా పెట్టుకుంది. తర్వాత పళ్లెం ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

"ఇదీ అన్నమంటే!" అంది పెదవులు తుడుచుకుంటూ. "అబద్ధమెందుకు, బుర్గోస్‌లో ఇలాంటిది దొరకదు. యూతిమియో, నువ్వేమంటావు?"

"ఊ" అన్నాడు డాన్ యూతిమియో నోటినిండా.

"అయితే పెళ్లి ఇక్కడే. విందు కూడా ఇక్కడే, ఈ హోటల్లోనే. అందరికీ నాలుగో నంబరు."

ఫెర్మిన్‌కి పొలమారింది. తన ఒక్కగానొక్క కూతురి పెళ్లి విందు, జెండాల కింద! కాదిస్ మొత్తం వచ్చి గోడమీది ఫొటోలు చూస్తుంది. జన్మంతా చెప్పుకుని నవ్వుతారు. అయినా పిల్ల అడిగింది దక్కింది. ఎన్‌కార్నా టేబుల్ కింద అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వియ్యాలవారు చేతులు కడుక్కోడానికి లేచారు. పళ్లెంలో ఒక్క క్రోకెట్ మిగిలింది. చివరి ముక్క ఎవరూ ముట్టరు, దాన్ని మావాళ్లు సిగ్గుముక్క అంటారు. ఎంత ఆకలున్నా దానివంక చూస్తూ కూర్చుంటారే తప్ప చెయ్యి చాపరు.

"లూయిసాతో తిరిగిన చోట్లన్నీ మూతపళ్లేదు," అన్నాడు బాల్దో ఎవరికో చెప్తున్నట్టు. "తెరిచి ఉన్నవీ ఉన్నాయి. లోపలికెళ్తే ఆవిడేదీ, ఎలా ఉన్నావు అని అడుగుతారు. ఇక్కడ ఎవడూ ఏమీ అడగడు. ఓడ దిగినోడు ఓడెక్కి పోతాడు."

ఫెర్మిన్ కూజాలో మిగిలిన వైను బాల్దో గ్లాసులో పోశాడు.

"వచ్చే ఆదివారం ఏం చేస్తున్నావు బావా? నాకొక చోటు తెలుసు."

"నీకా? నీకేం తెలుసు?"

"బోర్డుండదు. తెలిసినవాడు తప్ప రాలేడు. రెండో అంతస్తు. వంట మీ చెల్లెలిదే."

బాల్దో గొంతు సవరించుకున్నాడు. "ఉప్పు వేస్తారా?"

"వెయ్యరు. నేల మాత్రం నీకు నచ్చినట్టు మురికిగానే ఉంటుంది."

"మురికా? నా ఇల్లా?" ఎన్‌కార్నా ఇద్దరివైపూ గుడ్లురిమింది.

బాల్దో చాలాసేపు కిటికీలోంచి గాలికి ఎగురుతున్న జెండాలు చూశాడు. తర్వాత సిగ్గుముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఐసుది," అన్నాడు నములుతూ. "ఆదివారం ఎన్నింటికి రమ్మంటావు?"