గరిటెలో ఏమీ లేదు

పొగతాత బండి మలుపు తిరగక ముందే వీధి వీధంతా తెలిసిపోయేది. డబడబమని ఆ చప్పుడు, ముక్కు బద్దలయ్యే డీజిల్ వాసన, ఆ వెనకే ఇంటి కప్పుల్ని ముంచెత్తే తెల్లటి పొగ. పిల్లలు పుస్తకాలు గిరాటేసి బయటికి పరుగెత్తేవాళ్ళు. ముసలాళ్ళు దగ్గుతూనే చెయ్యెత్తి, "వచ్చావా నాయనా, చల్లగా ఉండు" అనేవాళ్ళు. దోమల మందు కొట్టడానికి ఊరి ఆఫీసువాళ్ళు పెట్టుకున్న మనిషి ఆయన. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. అసలు పేరు జీతం కాగితం మీద ఉందేమో గానీ, కట్టుకున్న భార్యకే గుర్తున్నట్టు లేదు. రిటైరు కావడానికి ఇంకా ఎనిమిది నెలలు ఉన్నాయి.

అదే ఆఫీసుకు ఆ ఇంటి నుంచే ఇంకో మనిషి పనికి పోయేది. ఆయన కోడలు. పొడుగు కాడ గరిటె ఒకటి, టార్చి లైటు, సుద్దముక్క సంచిలో వేసుకుని పొద్దున్నే బయల్దేరేది. ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ తొట్లు, కుండీల కింద పళ్ళాలు, ఫ్రిజ్ వెనక ట్రేలు, పాత టైర్లు వెతకాలి. నిలవ నీళ్ళలో గరిటె ముంచి, తోకలాడించే దోమపిల్లల్ని లెక్కపెట్టాలి. ఆ నీళ్ళు పారబోయించి, తలుపు పక్కన సుద్దతో ఆ అంకె వేసి, కార్డులోనూ ఎక్కించాలి. ఇలాంటి వాళ్ళు ఊరంతటికీ ఆరుగురు, అందరూ ఆడవాళ్ళే, అందరూ కాంట్రాక్టు మీదే. వాళ్ళకు ఎవరూ చెయ్యెత్తరు సరికదా, "మళ్ళీ తయారయ్యావా తల్లీ! మా తొట్టి మీద నీకెందుకమ్మా అంత ప్రేమ?" అని మొహం మీదే తలుపేస్తారు. లోకం తీరే అంత. చప్పుడు చేసేవాడికే దండాలు.

సాయంత్రాలు మామకూ కోడలికీ ఇంట్లో ఇదే పేచీ.

"మీ పొగకు దోమలేం చావవు మామయ్యా. పక్క వీధికి షికారు పోయి, మీరు వెళ్ళాక తిరిగొస్తాయి."

"చాల్లే అమ్మాయ్. గరిటెతో దోమల్ని పట్టేదానివి నువ్వు నాకు చెప్పొచ్చావు. ఆ గరిటెతో ముందు నాకింత అన్నం పెట్టు."

"ఆ గరిటె నా వంటింటి గడప తొక్కిందంటే ఇద్దరి కాళ్ళూ విరగ్గొడతా" అని లోపల్నుంచి భార్య కేక. ముగ్గురూ నవ్వుకునేవాళ్ళు.

నవ్వుకునేవాళ్ళే గానీ, ఆ పిల్ల గరిటె పట్టింది సరదాకు కాదు. నాలుగేళ్ళ కిందట ఊరంతా దోమకాటు జ్వరాలు వచ్చినప్పుడు, పొగతాత కొడుకు పదకొండు రోజులు ఆస్పత్రి వరండాలో పడి ఉన్నాడు. మంచం కూడా దొరకలేదు. మందులకు, రక్తం సీసాలకు తల్లి చేతి బంగారు గాజులు పోయాయి. కొడుకు మెకానిక్కు, పని చేస్తేనే కూలి, కాబట్టి మూడు నెలల కూలీ పోయింది. మనిషి దక్కాడు, అంతే చాలనుకున్నారు. ఆ మరుసటి ఏడు ఆఫీసు గరిటె పనికి ఆడవాళ్ళను తీసుకుంటుంటే, అందరికంటే ముందు వెళ్ళి నిలబడింది కోడలు. అప్పట్నుంచి మూడేళ్ళు, ఊళ్ళో ఆ జ్వరం మాటే లేదు.

చిక్కంతా అక్కడే వచ్చి పడింది. జ్వరం లేదు కాబట్టి జ్వరం ఆపే మనుషులెందుకని ఎవరో పుణ్యాత్ముడికి తోచింది. డీజిల్ ధర పెరిగింది, మందు ధర రెండింతలైంది, పొగకూ గరిటెకూ రెండింటికీ డబ్బులు చాలవన్నారు. పొగ కంటికి కనిపిస్తుంది, గరిటె కనిపించదు. నెలాఖరుతో ఆ ఆరుగురిని తీసేద్దామని కాగితం తయారైంది. సోమవారం మీటింగులో సంతకం పడడమే తరువాయి.

ఆ సంగతి తెలిసిన రోజు కోడలు అన్నం సగంలో లేచిపోయింది. "ఉద్యోగం పోతే పోనీ మామయ్యా, ఇంకోటి వెతుక్కుంటాను. వచ్చే వానలకు ఆ వరండాలో మళ్ళీ ఎవరి మొగుడు పడుకోవాలో, అదే నా బాధ" అంది. పొగతాత కంచం పక్కకు నెట్టాడు. కోడలి బాధ ఒకటి, ఆయన బాధ ఇంకొకటి. ఆ రెండోది ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఐదు నెలలుగా ఆయన పొగలో మందు లేదు.

ధర పెరిగిందని ఆఫీసువాళ్ళు మందు కొనలేదు. స్టోరు గుమాస్తాను అడిగితే, "మందు సంగతి నీకెందుకయ్యా? పొగ మాత్రం ఆపకు, ఆపితే జనం మీదపడతారు. పుస్తకంలో రోజుకో లీటరు రాసెయ్యి" అన్నాడు. పొగతాత రాశాడు. మొదటి రోజు చెయ్యి వణికింది, పదో రోజుకు అలవాటైంది. వానాకాలమంతా ఉత్త డీజిల్ పొగ వదులుతూ తిరిగాడు. పైన పటారం, లోన లొటారం. జనం మాత్రం "ఈ ఏడు నీ మందు భలే పనిచేసిందయ్యా" అని మెచ్చుకుంటే, తల వంచుకుని బండి ముందుకు పోనిచ్చేవాడు.

శుక్రవారం కోడలి వంతు ఆఫీసు వెనక షెడ్డుకు వచ్చింది. పొగ మిషన్ ఉండే షెడ్డు అది. ఇల్లైనా ఆఫీసైనా ఆమె వదలదు. పొగతాత బండి తుడుస్తూ, "నా షెడ్డులో నీకేం దొరుకుతాయే, ఇది దోమల శ్మశానం" అని ఎకసెక్కమాడాడు. ఆమె నవ్వుతూనే షెడ్డు వెనక్కి వెళ్ళింది. మూత లేని నీలం డ్రమ్ము ఒకటి కారుతున్న చూరు కింద ఉంది, నిండా వాన నీళ్ళు. ఆమె తన నీడ నీళ్ళ మీద పడకుండా పక్కకు జరిగి, గరిటె వాలుగా ముంచి తీసింది.

అది దోమల మందు డ్రమ్ము. గరిటెలో ముప్ఫై నాలుగు దోమపిల్లలు తోకలాడిస్తున్నాయి.

మందు డ్రమ్ములో దోమలు పిల్లలు పెట్టాయంటే, ఆ డ్రమ్ము మందు మొహం చూసి ఎన్నాళ్ళైనట్టు? ఆమెకు చెప్పాలా! గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పొగతాత వచ్చి చూశాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె అడగకముందే ఆయన చెయ్యి జేబులో ఉన్న పుస్తకం మీదికి పోయింది.  కోడలు డ్రమ్మును కాలితో తన్ని నీళ్ళు ఒలకబోసింది. కార్డు తీసి, షెడ్డు అన్న వరసలో ఏదో రాసి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు, పొగతాత దొంగలా సంచిలోంచి కార్డు తీశాడు. షెడ్డు వరసలో సున్న ఉంది.

మూడేళ్ళలో ఆ పిల్ల ఒక్క అంకె తప్పు రాయలేదు. వార్డు మెంబరు ఇంట్లో దొరికితే కూడా ఉన్నది ఉన్నట్టే రాసి తిట్లు తిన్న మనిషి. ముప్ఫై నాలుగు అని రాస్తే ఆ డ్రమ్ము కథ బయటపడి, ఉద్యోగాలు మిగిలినా మిగిలేవి. మామ పరువు కోసం సున్న చుట్టింది. పొగతాత ఆ కార్డు పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. కళ్ళు చెమర్చాయి. ఛీ, ఇదేం బతుకు అనుకున్నాడు. ఆ పిల్ల చేత కూడా అబద్ధం రాయించానే అనుకున్నాడు.

"ఏమైందండీ?" అని భార్య వచ్చింది. చెప్పేశాడు. దాచడానికి ఇంకేం మిగల్లేదు. ఆవిడ గాజుల్లేని చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. తర్వాత, "ఎనిమిది నెలల జీతం కోసమేనా ఈ మౌనం?" అంది.

"పరువు కోసమే. ఊరంతా చెయ్యెత్తుతుంది కదా నాకు."

"ఎత్తిన చెయ్యి కోడలికి పెడుతుందా అన్నం? వెళ్ళి చెప్పండి. చెప్పొచ్చాక తిడతాలెండి తీరిగ్గా."

సోమవారం మీటింగులో ఆఫీసరమ్మ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. వార్డు మెంబరు గొంతు సవరించుకున్నాడు. "మూడేళ్ళుగా జ్వరం లేదమ్మా. అదంతా పొగ చలవే. ఈ గరిటెలు గోటితో పోయే పనికి గొడ్డళ్ళు. కావాలంటే మన పెద్దాయన్నే అడగండి" అని గోడ వార నిలబడ్డ పొగతాతను చూపించాడు. ఆ పక్కనే ఆరుగురు ఆడవాళ్ళు, వాళ్ళలో కోడలు. ఆమె ఆయన వైపు చూడలేదు.

"అమ్మా" అన్నాడు పొగతాత. గోడ వదిలి ముందుకొచ్చాడు. మళ్ళీ అన్నాడు. "అమ్మా, ఐదు నెలలుగా నా పొగలో మందు లేదు. ఉత్త డీజిల్. పుస్తకంలో రోజుకో లీటరు అని రాసింది నేనే. అది అబద్ధం."

 స్టోరు గుమాస్తా మొహం పాలిపోయింది.

"మరి జ్వరాలు రాలేదు కదా?" అంది ఆఫీసరమ్మ.

"అదే కదమ్మా చెప్తున్నది! వానాకాలమంతా నా పొగ దండగే. అయినా జ్వరం రాలేదు. మరి ఆపింది ఎవరు? నా బండికి అయ్యే ఖర్చులో మూడో వంతు కూడా లేదు వీళ్ళ ఆరుగురి జీతం. ఇంకో లెక్క కూడా అడుగుతానమ్మా, ఏమనుకోకండి. నా కొడుకొక్కడు పదకొండు రోజులు పడుకుంటే మా ఆవిడ గాజులు పోయాయి. అలాంటి చేతులు ఊళ్ళో ఎన్ని? ఆ లెక్క మీ కాగితంలో ఉందా?"

ఆఫీసరమ్మ కాగితం తిప్పి తిప్పి చూసింది. లేదు. పెన్ను మూత పెట్టేసింది.

ఆ పూటకు కాంట్రాక్టులు నిలిచాయి, వారం తిరక్కుండా ఇంకో ఏడాదికి పొడిగించారు. పొగబండి ఎక్కడైనా జ్వరం బయటపడితేనే, అదీ మందు ఉంటేనే బయటికి రావాలన్నారు. గుమాస్తాకు నోటీసు వచ్చింది. పొగతాతకూ వచ్చింది, అబద్ధం రాసినందుకు ఒక ఇంక్రిమెంటు కోసేశారు. మిగిలిన ఎనిమిది నెలలు గరిటె పనికి పొమ్మన్నారు. శిక్ష అనుకునే వేశారు పాపం.

మీటింగు రోజు ఇంటికొచ్చాక కోడలు కార్డు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "మీరే దిద్దండి మామయ్యా." ఆయన సున్న కొట్టేసి ముప్ఫై నాలుగు అని రాశాడు. రాస్తూ, "నువ్వెందుకు చేశావే ఈ పని?" అన్నాడు. "నాన్న లేడు కదా నాకు, ఉన్న ఒక్కణ్ణీ రచ్చకీడుస్తానా?" అని లోపలికి వెళ్ళిపోయింది. భార్య మాట తప్పలేదు, అన్నం పెడుతూ గంటసేపు తిట్టింది.

మొదటి రోజు పని తెలిసిన వీధిలోనే పడింది. బండి చప్పుడు లేకుండా నడిచొస్తున్న ఆయన్ని చూసి ఓ చిన్నపిల్ల, "పొగ ఏది తాతా?" అని అడిగింది.

"పొగ లేదమ్మా. మీ ఇంట్లో నీళ్ళ తొట్టి ఏదీ, చూపించు."

పెరట్లో తొట్టి ముందు వంగాడు. "నీడ, మామయ్యా, నీడ! నీడ పడితే అడుక్కి పోతాయి. అటు జరగండి" అంది కోడలు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరు దద్దరిల్లేలా తిరిగిన మనిషి, ఊపిరి బిగబట్టి పక్కకు జరిగి, గరిటె వాలుగా ముంచి తీశాడు. కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. మళ్ళీ ముంచాడు. మళ్ళీ చూశాడు.

"ఏమీ లేదే!" అన్నాడు, చిన్నబుచ్చుకుని.

కోడలు నవ్వింది. "ఏమీ లేకపోవడానికే కదా మామయ్యా మనకు జీతం ఇచ్చేది."

ఆయన కార్డు మోకాలి మీద పెట్టుకుని, ఆ ఇంటి వరసలో సున్న చుట్టాడు. చెయ్యి వణకలేదు.