నిలబడి తొక్కిన కుర్చీలు

ప్లిమత్‌లో పెద్దమనుషుల ఇళ్లన్నింటా మా ఆయన జేబెజ్ చేసిన కుర్చీలే. మా ఇంట్లో మాత్రం ఒక్కటీ లేదు. ఉన్న ఒక్క ముక్కాలిపీట మీద ఆయన కూర్చుంటాడు. చెట్టు కొడుతుండగా దుంగ తన మోకాలి మీద పడ్డప్పటి నుంచి ఉలి పట్టేది ఆయన, కర్రను తిప్పుతూ చెక్కే తరిమెన కింది బద్ద తొక్కేది నేను. నేను తొక్కితేనే కర్ర తిరుగుతుంది. పొద్దస్తమానం నిలబడే ఉంటాను. మొక్కజొన్న జావ తాగడం కూడా నిలబడే. నాకూ ఒక కుర్చీ చెయ్యమని అడిగి అడిగి నోరు పడిపోయింది.

"వచ్చే చలికాలానికి చేస్తాలేవే," అంటాడు. చలికాలాలు వస్తూనే ఉన్నాయి.

ఆ రోజు చర్చి సంఘ పెద్ద నహూమ్ గారు తన చేతుల కుర్చీ కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఇంకా ఒక కాలు చెక్కాల్సి ఉంది. కాళ్లు పచ్చిగా ఉన్నప్పుడే ఎండిన అడ్డకర్రలు వాటిలోకి దిగ్గొట్టాలి. తర్వాత కాళ్లు ఆరుతూ వాటిని బిగించి పట్టుకుంటాయి, మేకు అక్కర్లేదు. ముందే ఆరిపోతే ఆ కాళ్లు పొయ్యిలోకే.

నా నడుం పట్టేసింది. ఒళ్లు మండి బద్ద మీంచి కాలు తీసేశాను.

"తొక్కవే! కర్ర ఆరిపోతోంది!"

"ఆరనివ్వండి. నాకో కుర్చీ చేస్తానని అయ్యగారి ముందు చెప్పండి, తొక్కుతా."

నహూమ్ గారు నవ్వారు. "ఆడదానికి కుర్చీనా? విడ్డూరం! జరుగమ్మా, నేను తొక్కుతా. ఇదో పెద్ద పనా?"

తొక్కారు. కాసేపటికి టోపీ తీశారు, తర్వాత కోటు. ముఖం ఉడికిన పీతలా ఎర్రబడింది. కర్ర సగం కూడా కాకముందే కూర్చోడానికి చోటు వెతికారు. పీట మీద మా ఆయన ఉన్నాడు. పెద్దాయన చెక్కపొట్టులోనే చతికిలబడ్డారు.

"జేబెజ్, ఈ కుర్చీ... మీ ఆవిడకే ఇచ్చెయ్. నాకు ఇంకోటి చేద్దువుగాని."

"అలాగే అయ్యగారూ, అదెంత పని!"

అదెంత పనట! ఏళ్ల తరబడి నేను మొత్తుకుంటే చెవికెక్కని మాట, నహూమ్ గారి కాసేపటి ఆయాసంతో తలకెక్కింది. మిగతా సగం నేనే తొక్కాను.

ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చునే తింటున్నాను. ఎవరైనా బాగుందంటే చాలు, "అంతా నహూమ్ గారి దయ," అంటాడు మా ఆయన. అన్నప్పుడల్లా లేచి దాన్ని పొయ్యిలో పడేయాలనిపిస్తుంది.

కానీ లేవను.