తుమ్మితే ఊడే గడ్డ

మా నాయన కదిరయ్య తుమ్మితే బలసముద్రంలో సగం ఊరికి తెలుస్తుంది. వేరే కాపరులు గొర్రెలను అదిలిస్తారు, ఈల వేస్తారు. మా నాయన రెండు చిటికెల నశ్యం పట్టించి ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, సోలార్ పలకల కింద మేసే జీవాలన్నీ తలెత్తి ఆయన దగ్గరికి నడిచి వస్తాయి.

అలాంటి మనిషికి పోయిన ఏడాది గొర్రెలు తగ్గడం మొదలైంది. పద్దెనిమిదింటిలో పన్నెండే లెక్కకొచ్చేవి. మిగతావి పక్కనే మేస్తుండేవి. పలకలు నిలబెట్టిన ఇనుప కంబాలకు భుజాలు కొట్టుకునేవాడు. మా అమ్మ ఓబమ్మ పక్కనే నడుస్తుంటే, "వెనకబడినావేమే, బిరీన రా" అని అరిచేవాడు. విని విని విసుగొచ్చి అమ్మ రెండడుగులు ముందు నడవడం నేర్చుకుంది. పెళ్లాం ముందు, మొగుడు వెనక అని ఊరు నవ్వింది. అమ్మ లెక్కచేయలేదు.

చివరికి వాళ్ల కూతురు మోనికనైన నేనే బలవంతాన ఆయన్ను బెంగళూరు తీసుకెళ్లాను. నాది పలకలు కడిగే పని. పలక మసకబారితేనే ఊరుకోలేను, ఇక కళ్లనెలా వదిలేస్తాను? స్కానింగ్‌లో విషయం తేలింది. ముక్కు వెనకాల, మెదడుకు అడుగున, ద్రాక్షపండంత గడ్డ. అది కంటి నరాలను కింది నుంచి నొక్కడంతో రెండు పక్కలా చూపు మూసుకుపోయింది. తీయకపోతే ఎదుటి చూపూ పోతుందని డాక్టరమ్మ కావేరి కన్నడంలో నిదానంగా చెప్పింది. గడ్డ దగ్గరికి పోవడానికి దారులు రెండట. నుదురు పక్కన ఎముక కోసి మెదడును కాస్త జరిపి పోవడం ఒకటి. ముక్కులోంచి కెమెరా గొట్టంతో పోయి, వెనకున్న పలచటి ఎముకకు కంత చేసి తీయడం ఇంకొకటి. ఈయన గడ్డ నట్టనడుమ ఉంది కాబట్టి ముక్కుదారే మేలంది. పది రోజుల్లో రమ్మంది, అంతవరకూ నశ్యం ముట్టొద్దంది.

నాయన బుద్ధిగా తలాడించి ఇంటికొచ్చాడు. కానీ కాపరి బుర్ర వేరే లెక్క వేసింది. గొర్రె ముక్కులో పురుగు చేరితే మా తాత పొగాకు నీళ్లు పోసేవాడట, నాలుగు తుమ్ములకు పురుగు రాలి పడేదట. తుమ్మితే ఊడే ముక్కు అని సామెత. ఈయన గడ్డను ఊడగొట్టాలనుకున్నాడు. దొడ్డి వెనక కూర్చుని మూడు రోజుల్లో రెండు డబ్బాల నశ్యం ఎక్కించాడు. ఆ తుమ్ములకు గొర్రెలన్నీ పరుగెత్తుకొచ్చి చుట్టూ నిలబడ్డాయి. గడ్డ మాత్రం రాలేదు. ముక్కు వాచి నెత్తురు కారింది.

డాక్టరమ్మ ముక్కులోకి చూసి ఆపరేషన్ మూడు వారాలు వాయిదా వేసింది. ఆలోగా ఎదుటి చూపూ మసకబారింది. ఒక మధ్యాహ్నం ఆయన ఎదురుగా ఉన్న కంచం కోసం నేలంతా తడుముకుంటుంటే నా కోపమంతా భయమైపోయింది. అమ్మ మిగిలిన నశ్యం డబ్బా తీసుకుపోయి పేడదిబ్బలో పూడ్చి వచ్చింది.

ఆపరేషన్ ముక్కులోంచే జరిగింది. తొడలోంచి కాస్త కొవ్వు తీసి ఆ కంతకు బిరడా పెట్టారు. ముక్కు చీదొద్దు, వంగొద్దు, తుమ్మొస్తే నోరు తెరిచి వదలాలని ఆరు వారాల పథ్యం చెప్పారు. అమ్మ కాపలా కూర్చుంది. ఇంట్లో పోపు బంద్. ఎండు మిరపకాయలు పక్కింటికి పోయాయి. ఒకసారి నాయన నోరు తెరిచి తుమ్మితే ఒక్క గొర్రె కూడా నమ్మలేదు.

ఏడో వారం ముగ్గురం గొర్రెల వెంట పలకల నడుమ దారిన పోయాం. నాయన తల తిప్పకుండా లెక్కపెట్టాడు. పద్దెనిమిదీ వచ్చాయి. అమ్మ అలవాటు కొద్దీ రెండడుగులు ముందు నడుస్తోంది.

"ముందుకెందుకు పోతావే? పక్కకు రా. కనపడతాండావు," అన్నాడు.

అమ్మ ఆగి, ఆయన పక్కకొచ్చి, కొంగు కళ్లకు అద్దుకుంది. నాయన దారి వైపే చూస్తున్నాడు.

"ఏడ్చేది గూడా కనపడతాండాది," అన్నాడు.