పొలిమేర దాటిన మందుకుండ

లారీ వస్తోందని కేక వినపడగానే కంకర కొడుతున్న వాళ్ళమంతా సుత్తులు పడేసి పరుగెత్తాం. కరువు పని క్యాంపులో అప్పటికే వాంతిభేదులు మొదలయ్యాయి. ఆ పొద్దునే హంపమ్మ మొగుణ్ణి పూడ్చి వచ్చాం. ఆమె చేతులకు ఇంకా మట్టి ఉంది. ఆ చేతులతోనే లారీ పట్టుకుని డ్రైవర్ని అడిగింది.

"మందు వచ్చినాదా నాయనా?"

డ్రైవరు తల వంచుకుని పైనున్న పట్టా లాగాడు. లోపల చెనిక్కాయ చెక్క బస్తాలు. కంట్రాక్టరు శేషిరెడ్డి ఎద్దులకు దాణా!

కలరా సూదిమందు టౌను ఆసుపత్రిలో పెట్టెల కొద్దీ పడి ఉందని మాకు తెలుసు. దాన్ని క్యాంపుకు చేర్చే కంట్రాక్టు శేషిరెడ్డిదే. రోడ్డు పనీ అతనిదే, లారీ అతనిదే. ఎద్దులకు మేత వేసుకున్నాక చోటు మిగిలితే మనుషులకు మందు. తమ్ముళ్ళారా, పుస్తకాల్లో కరువంటే వాన పడకపోవడం అని రాస్తారు. నేను చూసిన కరువుకు పేరూ, ఊరూ, తెల్ల పంచె ఉన్నాయి.

అప్పుడు నా భార్య గురమ్మకు నెలలు నిండాయి. రాయి మీద కూర్చుని కంకర ఏరేది. ఆమె దగ్గినా, కడుపు పట్టుకున్నా నా పై ప్రాణాలు పైనే పోయేవి. ఈ రోగం పొద్దున పట్టుకుంటే పొద్దుగూకేసరికి మనిషి ఉండడు. రోజూ ఆమె మొహమే చూస్తూ సుత్తి దెబ్బ వేలి మీద వేసుకునేవాణ్ణి.

సూదులు వేయడానికి సర్కారు పంపిన ఆంజనేయ క్యాంపులోనే ఉన్నాడు. పాపం, ఏం చేస్తాడు?

"సూదులుండాయి, మందు లేదు. కాచని నీళ్ళు తాగొద్దండి అని చెప్పడం తప్ప నేనేం చేసేదప్పా?" అన్నాడు.

కాచడానికి కట్టెలెక్కడ? కంప చెట్లు కూడా నరికి అమ్ముకు తిన్న సీమ ఇది.

సాయంత్రం గంజి కేంద్రం ముందు అందరం కూర్చున్నాం. కూలీల సంఘం దాసన్న వచ్చాడు. కొందరు ఊళ్ళకు పారిపోదామన్నారు.

"యాడికి పోతారప్పా? రోగం మీతోనే నడిచొస్తాది" అంది హంపమ్మ.

కుర్రాళ్ళు లారీకి నిప్పు పెడదామని లేచారు. "పెట్టండి. పోలీసులు వస్తారు, మందు రాదు" అన్నాడు దాసన్న. మళ్ళీ అరుపులు. ఎవరి నోట చూసినా ధైర్యం మాటలే గాని, ఏ గుడిసెలోనైనా ఎవరైనా డోకితే చాలు, అందరి తలలూ అటు తిరిగేవి.

అప్పుడు వెట్టి ఈరప్ప మెల్లగా చెయ్యెత్తాడు. ఊరికొచ్చే ఠాణా అమీన్ల, తహసీల్దార్ల పెట్టెలు కూలి లేకుండా నెత్తిన మోసి పొలిమేర దాకా చేర్చడం అతని వంశానికి పట్టిన చాకిరీ. పొలిమేరలో పక్క ఊరి వెట్టివాడు అందుకుని తన పొలిమేర దాకా మోయాలి. ఈరప్ప నలుగురిలో నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"కోపం చేసుకోవద్దండి సాములూ. దొర పెట్టె ఊరూరూ నెత్తులు మారి కర్నూలు దాకా పోతాది. దానికి లారీ యాడిది? మందు అట్ల రాదా?"

అంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ మాకెందుకు తట్టలేదో!

"మోసేవాళ్ళకు కూలి ఎవరిస్తారు?" అన్నాడొకడు.

"వెట్టికి కూలి ఎప్పుడుండాదిరా? ఇన్నాళ్ళు వాళ్ళకు చేసినాం. ఒక తూరి మనకు చేసుకుందాం" అంది హంపమ్మ.

"శేషిరెడ్డికి తెలిస్తే పని పీకేస్తాడు. ఇంగ గంజి కూడా ఉండదు."

గురమ్మ కడుపు మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "గంజి తాగాలంటే ముందు బతికుండాల గదన్నా!"

దాసన్న దారిలో ప్రతి ఊరికీ కబురు చెప్పుకుంటూ టౌనుకు పోయాడు. అక్కడి హమాలీల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రి గుమ్మంలో బైఠాయించాడు. డాక్టరు చెడ్డవాడు కాదు, పిరికివాడు. చివరికి మందు ఇచ్చి, "నేను మిమ్మల్ని చూడలేదు" అన్నాడట. మందుకు ఎండ తగలకూడదని ఆంజనేయ చెప్పి పంపాడు. అందుకని కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో సీసాలు పెట్టి, పైన తడిగుడ్డ కట్టారు. ఊరికొకరు మోస్తే చాలు. పొలిమేర దగ్గర ఇంకొకరు కాచుకుని ఉంటారు. గుడ్డ ఆరితే తడపడానికి అక్కడ చెంబు నీళ్ళు ఉంటాయి.

కుండ బయలుదేరింది. మాకు ముందు సుంకులపాడు, దానికి ముందు గుడ్డెకల్లు. సుంకులపాడు వాళ్ళు కబురు విన్నారు గాని ఔననలేదు, కాదనలేదు. అనుమానమొచ్చి నేనూ ఈరప్పా ఎదురు వెళ్ళాం. గుడ్డెకల్లు ముసలమ్మ మహాదేవమ్మ పొలిమేర రాయి దగ్గర కుండతో నిలబడి ఉంది. సుంకులపాడు మనిషి జాడలేదు.

ఆమె కుండ చుట్టూ వేపమండలు కట్టింది. పసుపు పూసింది. గుడ్డకు కూడా పసుపద్దింది. "సల్లంగ పోవాల నాయనా, మీ పిల్లలు బతకాల" అంటూ ఈరప్ప నెత్తికెత్తింది. ఆ తల్లి ప్రేమ కొద్దీ చేసింది. మా ఇద్దరివీ మట్టిబుర్రలే, ఏమీ తట్టలేదు.

సుంకులపాడు చేలగట్టు ఎక్కేసరికి కేకలు. జనం కట్టెలూ కొడవళ్ళూ పట్టుకుని అడ్డం వచ్చారు. ముందు పెద్ద సేద్యగాడు బొజ్జన్న, చేతిలో బరిసె.

"రేయ్ ఈరా! ఆ కుండ మా పొలంలో దించితే నీ తల పగుల్తాది!"

అప్పుడు నాకు అర్థమైంది. ఊళ్ళో రోగమొస్తే మారెమ్మను కుండలో ఆవాహన చేసి, పసుపు పూసి, వేపమండలు కట్టి, పక్క ఊరి పొలిమేరలో దించి వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. రోగం వాళ్ళకు పోతుందని నమ్మకం. మేం తమ నెత్తిన చావును దించడానికి వచ్చామని వాళ్ళనుకున్నారు.

"ఇది మందప్పా! సూదిమందు!" అని నేను అరిచాను. నా మాట ఎవడికి కావాలి? ఒక రాయి వచ్చి నా భుజానికి తగిలింది. పారిపోదామనిపించింది. కుండ అక్కడే వదిలితే గురమ్మ గతేమిటి? పారిపోలేను, నిలబడలేను. కళ్ళ నీళ్ళు వచ్చాయి.

ఈరప్ప నెత్తి మీద కుండ వణుకుతోంది. అయినా దించలేదు.

"సామీ, మారెమ్మను తెచ్చినోడు దించి ఎనక్కి చూడకుండా ఉరుకుతాడు. మీ ఊరి నీళ్ళు ముట్టడు. నేను ఉరకను. ఈన్నే ఉంటా. మీ బాయి నీళ్ళు పోయండి, తాగుతా" అన్నాడు.

జనం ఆగారు. బొజ్జన్న మొహం మాడిపోయింది. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

"తాగొద్దు ఈరప్పా. ఆంజనేయ ఏం చెప్పినాడు?" అన్నాను అతని చెవిలో.

"మందు పోవాల గదా ఓబులేసూ" అన్నాడు.

కుండ నాకందించి దోసిలి పట్టాడు. బొజ్జన్న దూరంగా నిలబడి, చెంబు తగలకుండా, పైనుంచి నీళ్ళు పోశాడు. ఈరప్ప కడుపు నిండా తాగాడు. తరతరాల వెట్టివాడు ఊరి ముందర తల పైకెత్తింది, ఆ దోసిట్లో నీళ్ళు అయిపోయాకే. ఎత్తిన కట్టెలు దిగాయి. సుంకులపాడు కుర్రాళ్ళే కుండ ఎత్తుకుని మా పొలిమేర దాకా పరుగెత్తారు.

క్యాంపులో అందరికీ సూదులు పడ్డాయి. గురమ్మకు వేస్తుంటే నేను పిచ్చివాడిలా నవ్వాను. ఈరప్పకూ వేశారు, కానీ ఆ మందు ఒంట్లో పనిచేయడానికి రోజులు పడుతుంది. రోగం అంతవరకు ఆగలేదు. అతని భార్య మద్దమ్మ ఒళ్ళోనే పోయాడు. చివరి గడియలో కూడా, "తడిగుడ్డ ఆరిపోతాదేమో చూడండి" అని కలవరించాడు.

పూడ్చేటప్పుడు బొజ్జన్న వచ్చాడు. గోతి గట్టున కూలబడ్డాడు.

"ఆ బాయి నీళ్ళు తాగే మా ఇంట్లో ఇద్దరు పోయినారు. ఊరు బెదిరిపోతాదని దాచిపెట్టినా. తెలిసి తెలిసీ పోసినా తల్లీ" అన్నాడు మద్దమ్మతో.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఇంగో కుండ రావాల. చుట్టుపక్కల ఊర్లన్నీ ఎదురు చూస్తాండాయి. దాన్ని ఎవరు మోస్తారో చెప్పు" అంది.

రెండో కుండ వచ్చే పూట శేషిరెడ్డి ఊరుకోలేదు. మందు మా నెత్తుల మీద వస్తే అతని లారీకి పనేముంది, మాకు అతనితో పనేముంది? సుంకులపాడు దారిలో అమీనునూ పోలీసుల్నీ నిలబెట్టాడు. మేం సుత్తులు దించి క్యాంపంతా కదిలి వెళ్ళాం. నా పక్కన హంపమ్మ పళ్ళు కటకటమనడం నాకు వినిపిస్తోంది.

కుండ వచ్చింది. మోస్తున్నది బొజ్జన్న! వెట్టివాళ్ళు తప్ప ఎవరూ ఎత్తని బరువు, పదెడ్ల సేద్యగాడి నెత్తిన.

"సిగ్గు లేదా బొజ్జన్నా, వెట్టి చేస్తాండావా?" అన్నాడు శేషిరెడ్డి.

"శానా ఆలస్యంగా చేస్తాండా" అన్నాడు బొజ్జన్న.

"సర్కారు మందు దొంగతనంగా తెచ్చినావు. దించు!" అని అమీను లాఠీ ఎత్తాడు. పోలీసులు బొజ్జన్న రెండు రెక్కలూ పట్టుకున్నారు. అతను కుండ దించలేదు. మద్దమ్మ వైపు మెడ వంచాడు. ఆమె రెండు చేతులా ఎత్తుకుంది. ఆమె మీదికి లాఠీ లేస్తే కుండ హంపమ్మ చేతికి వెళ్ళింది, అక్కణ్ణుంచి నా చేతికి, నా వెనక వాడికి. తల మీద దెబ్బ పడి నేను కింద పడ్డాను. పైన కుండ మాత్రం చేతుల మీదుగా క్యాంపు వైపు పోతూనే ఉంది.

బొజ్జన్నను ఠాణాకు నడిపించారు. మరునాడు అతన్ని విడిపించుకోవడానికి ఆ దారిలో ఉన్న ఊళ్ళన్నీ ఠాణాకు బయలుదేరాయి. ముందు మద్దమ్మ, వెనక కట్టుకట్టిన తలతో నేను. భయం పోయిందని మీతో అబద్ధం చెప్పను. అందరికీ భయమే. అయినా ఎవరూ ఆగలేదు.