ఆర్లిస్ కారు ఎడమ కమాను

ఆర్లిస్ మంగళవారం పోయాడు. శుక్రవారం పొద్దున పదింటికి సమాధి చెయ్యాలి. శవపెట్టెను మోసే నల్లబండి వెనకాలే తన అరవైతొమ్మిదో మోడల్ నీలం కారు నడవాలనీ, తమ్ముడు వెండెల్ నడపాలనీ, పక్కన భార్య నోరీన్ కూర్చోవాలనీ నోటితో చెప్పి మరీ పోయాడు. ఒహాయోలో ఆ పక్క ఊళ్ళల్లో పాత కార్ల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళకి అదే ఆఖరి మర్యాద.

గురువారం మధ్యాహ్నమైనా కారు ఒరిగే ఉంది. వెనక ఎడమవైపు ఒకటిన్నర అంగుళం పైకి లేచిపోయింది. ఆ వంకర కారుని మొగుడి వెనకాల ఎలా నడిపించడమా అని నోరీన్‌కి ముద్ద దిగలేదు.

నెల కిందట వెనక చక్రాల మీద బరువు మోసే ఇనప పట్టీల కమానులు కొత్తవి వేసింది వెండెలే. పొద్దుట్నించీ కారు కిందే ఉన్నాడు. పట్టీలు లెక్కపెట్టాడు, పగుళ్ళున్నాయేమోనని వేలితో తడిమాడు, టైర్లలో గాలి చూశాడు, పట్టీలన్నిటినీ కలిపి పట్టే మధ్య మేకు దాని గుంటలో కూర్చుందో లేదో చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఇక కమాను అమ్మినవాడే మోసం చేశాడని తిట్టుకుంటూ, పాతవి మళ్ళీ ఎక్కిస్తానని లేచాడు.

నోరీన్ గరాజు గుమ్మంలో నిలబడి, ఆ కమానుల ముందు కొసన బోల్టులు బిగించినప్పుడు కారులో ఎవరు కూర్చున్నారని అడిగింది. కమానులు మార్చినప్పుడల్లా ఆర్లిస్ చక్రాలు నేలకి ఆనించి, ఆవిణ్ణి లోపల కూర్చోబెట్టాకే ఆఖరి చుట్టు బిగించేవాడు. నీలాంటి బరువు పడాలే అని ఏడిపించేవాడు. ఆవిడ అల్లిక సంచీ తెచ్చుకుని కూర్చునేది.

వెండెల్ పానా కింద పెట్టాడు.

"కుడివైపు దించాకే బిగించా వదినా. ఎడమవైపు చక్రం వేలాడుతుండగానే బిగించేశా. ఆవేళ అన్నయ్యకి ఆయాసం వచ్చిందని కేకేశావు చూడు, అప్పుడు. తర్వాత చూద్దామనుకుని మర్చేపోయా."

వేలాడుతున్నప్పుడు బిగిస్తే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు మెలిపడి, కమానుని కిందికి దిగనివ్వదు. ఇరవై ఏళ్ళు మెకానిక్కు పని చేసినవాడికి అది తెలియక కాదు.

బోల్టు వదులు చేశాడు. కారు ఒక్క మూలుగు మూలిగి కిందికి దిగింది. నోరీన్ ఎక్కి కూర్చుంది. ఆర్లిస్ పొగాకు వాసన ఇంకా సీటులోనే ఉంది. కింద పానా తిరిగింది, ఆగింది. కొలిస్తే రెండు పక్కలా ఒకటే.

కారు కింద నుంచి వెండెల్ గొంతు వినబడింది.

"అన్నయ్య చూశాడా వదినా, ఒరిగిందని?"

"మంచం మీంచే కిటికీలోంచి చూశాడు. చెప్పనా అంటే వద్దన్నాడు. వాడి చేతిపనిలో తప్పు వాడే కనిపెట్టుకుంటాడులే అన్నాడు."

వెండెల్ బయటికి రాలేదు. బయటికి కనిపిస్తున్న బూట్లు మాత్రం అతని ఏడుపుకి కదులుతున్నాయి. నోరీన్ దిగలేదు, పిలవనూ లేదు.

మర్నాడు పదింటికి నీలం కారు నల్లబండి వెనకాల నడిచింది. దారిలో జనం టోపీలు తీసి నిలబడ్డారు. సమంగా నిలిచిన కారు వెనక వైపు ఎవరూ ప్రత్యేకించి చూడలేదు.