ఎప్పుడూ ఏడే

రంగుల ఫ్యాక్టరీలో ఆవిడ పని ఒక్కటే. బట్టలకి రంగు ఎక్కించాక మిగిలిన పుల్లనీళ్లలో సున్నం కలుపుతారు. వాటిని కాలవలోకి వదిలేముందు ఆవిడ పీహెచ్ మీటరు ముంచి అంకె చెప్పాలి. ఏడుకి తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఏడంటే చాలు, సున్నం ఆపేసి తూము ఎత్తేస్తారు. కొన్ని వారాలుగా రోజూ ఏడే. అందరూ "మీటరక్కా, నీ చెయ్యి మంచిదే!" అంటే నవ్వే ఓపిక కూడా లేదు. రెండు షిఫ్టులు చేసే మనిషికి ఓపికేమైనా చెట్లకి కాస్తుందా!

ఆ కాలవలో దిగి బురద ఎత్తేది ఆవిడ తమ్ముడే.

"అక్కా, నీళ్లు మండుతున్నాయే. బూట్లలోకి కారి కాళ్లు బొబ్బలెక్కాయి. నీళ్లు బాగాలేవని నువ్వొక్క మాట చెబితే సెలవిస్తానన్నాడు మేనేజరు," అని బతిమాలాడు.

"మీటరు ఏడంటోందిరా. పని ఎగ్గొట్టడానికి నీకు వంకలు ఒకరు నేర్పాలా?" అని కసిరింది. వాడు బూట్లు తొడుక్కుని మళ్లీ కాలవలోకి దిగాడు.

ఇవాళ పాలు లేక టీలో నిమ్మకాయ పిండుకుంది. అలసటకి చెయ్యి తూలి మీటరు కడ్డీ ఆ గ్లాసులోనే పడింది. చూస్తే ఏడు.

"ఓసి దీని దుంపతెగ! నిమ్మరసం కూడా ఏడేనా?"

సబ్బునీళ్లలో ముంచింది. ఏడు.

కడ్డీని ఉప్పుద్రావణంలో నిలవ ఉంచాలని మొదట్లోనే చెప్పారు. అది ఆరితే పట్టే తెల్లటి ఉప్పుమరకలంటే ఆవిడకి చిరాకు. పసిపిల్లకి నీళ్లు పోసినట్టు రోజూ కడిగి, డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టి ఇంటికెళ్లేది. ఆ శుభ్రమే దాని ప్రాణం తీసింది. చచ్చిన కడ్డీకి ఏ నీళ్లైనా ఒకటే.

పరుగెత్తి నీలం లిట్మస్ కాగితం కాలవలో ముంచింది. ఎర్రబడింది. సున్నం చాలని ఆమ్లమే ఇన్నాళ్లూ పారిందన్నమాట.

"తూము దించెయ్యండి!" అని అరిచిన అరుపుకి మేనేజరు బయటికొచ్చాడు.

"మీటరు పోయి ఎన్నాళ్లయిందో సార్. నేనే పాడుచేశాను. తోడబుట్టినవాడి మాట కాదని దాని మాట నమ్మాను."

తమ్ముణ్ణి కాలవలోంచి పైకి లాగి, గట్టుమీద కూర్చోబెట్టి బూట్లు లాగింది. మేజోళ్లతోపాటు మడమల తోలు కూడా ఊడొచ్చింది. వాడి పాదాలు ఒళ్లో పెట్టుకుని కుళాయినీళ్లు పోసింది.

"మండుతోందా నాన్నా?"

"లేదక్కా," అన్నాడు వాడు, పళ్లు బిగబట్టి.